ఉగాదికి జత, రోహిణికి ఈత

పొట్టేలును ఎంచడంలో పండిపోయిన సీమ, బుజ్జి కుక్క దగ్గరికొచ్చేసరికి ధర ఒక్కటే అడుగుతోంది. ఇంట్లో చిన్నజాతి కుక్కకు పిల్లలు పెట్టించాలంటే ఏమేం తెలిసుండాలి? ఎప్పుడు వద్దనుకోవాలి?

ఎమ్మిగనూరు నీలకంఠేశ్వర స్వామి జాతరలో ఎద్దుల బేరం చూసినవాళ్లకు తెలుసు, డబ్బు మాట ఎంత ఆలస్యంగా వస్తుందో. ముందు నోరు తెరిచి పళ్లు చూస్తారు. గిట్టలు చూస్తారు, సుడులు వెతుకుతారు, పది అడుగులు నడిపించి వెనక నుంచి గమనిస్తారు. తల్లి ఎవరింటిది, బండ లాగిన వంశమేనా అని ఆరా తీస్తారు. అన్నీ అయ్యాకే తువ్వాలు కింద చేతులు కలుస్తాయి. గొర్రెల కాపర్లు ఇంకో మెట్టు పైన ఉంటారు. విత్తనపు పొట్టేలును పిల్లప్పుడే గుర్తుపెట్టుకుని నిలుపుతారు. దాని కూతుళ్లు ఎదకొచ్చే వేళకు దాన్ని వేరే మందకు మార్చెయ్యాలని తెలిసిన కాపరికి జన్యుశాస్త్రం ఎవరూ నేర్పనక్కర్లేదు.

అదే ఇంటి కుర్రాడు ఒకరోజు బైకు మీద అట్టపెట్టెలో కుక్కపిల్లను తెస్తాడు. "ఎంతకిచ్చినార్రా?" అన్నది మొదటి ప్రశ్న. "భలే ఉందే!" అన్నది రెండోది, అది ప్రశ్న కూడా కాదు. దాని పళ్లు ఎవరూ చూడరు. తల్లి ఎక్కడుందని ఎవరూ అడగరు. ఏడాది తిరగకుండానే అది ఎదకొస్తుంది. పక్క వీధిలో మగది ఉంది కదా, ఒక్క ఈత చూద్దాం అంటాడు ఒకాయన. ఆడకుక్క ఒక్కసారైనా పిల్లలు పెడితేనే ఆరోగ్యంగా ఉంటుందని ఇంకొకాయన శాస్త్రం చెబుతాడు. ఇది శుద్ధ అబద్ధం. పిల్లలు పెట్టకపోవడం వల్ల ఆడకుక్కకు వచ్చే నష్టమేమీ లేదు. ఆపరేషన్ చేయించకుండా వదిలేస్తే వయసు మీద పడ్డాక గర్భసంచిలో చీము పట్టే జబ్బు రావచ్చు. ఒకటి రెండు ఈతలు అయినంత మాత్రాన ఆ జబ్బు రాకుండా పోదు.

కర్నూలు బీ క్యాంపులోనో కడప ఎర్రముక్కపల్లెలోనో సాయంత్రం ఒక వీధి నడిస్తే చాలు, గేటు సందుల్లోంచి తెల్ల బొచ్చుకుక్కలు మొరుగుతాయి. వాటిని పమేరియన్ అంటాం. నిజానికి అందులో ఎక్కువ భాగం ఇండియన్ స్పిట్జ్. తెల్లవాళ్ల కాలంలో వచ్చిన కుక్కల నుంచి ఈ దేశంలోనే స్థిరపడిన రకం అది. 1994లో 'హమ్ ఆప్కే హై కౌన్' సినిమాలో టఫీగా కనిపించి ఇంటింటికీ చేరింది. అసలు పమేరియన్ మూడు కిలోలు దాటితే గొప్ప. స్పిట్జ్‌లో చిన్నదే ఐదు నుంచి ఏడు కిలోలు తూగుతుంది, పెద్దది పదిహేను దాటుతుంది. ఈ తేడా తెలియకుండా జత కట్టిస్తే ఏమవుతుంది? పెద్ద మగదాని పిల్ల చిన్న ఆడదాని కటిలో ఇరుక్కుంటుంది. పేరు దగ్గర జరిగిన పొరపాటుకు పురిటి మంచం మీద మూల్యం చెల్లించేది ఆడకుక్క.

పమేరియన్ కూడా మొదటి నుంచీ ఇంత చిన్నది కాదు. విక్టోరియా రాణి 1888లో ఇటలీ వెళ్లినప్పుడు చిన్నసైజు కుక్కలు కొన్ని తెచ్చుకుంది. రాణి ఇష్టం ఊరందరి ఇష్టమైంది. కొన్ని పదుల ఏళ్లలోనే ఆ జాతి పిడికెడంతకు దిగిపోయింది. మనిషి ఎంపికకు ఎంత బలముందో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు. కాకపోతే శరీరం కుదించుకుపోయినంత తేలిగ్గా లోపలివన్నీ సర్దుకోలేదు. ఎద్దు పళ్లు చూసే అలవాటు ఉన్నవాళ్లు ఈ కుక్క నోరు కూడా ఒకసారి తెరిచి చూడాలి. తోడేలుకు 42 పళ్లు. మూడు కిలోల పమేరియన్‌కూ 42 పళ్లే. ఆ చిన్న దవడలో అవి ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి, పాలపళ్లు ఊడకుండానే కొత్తవి వస్తాయి, చిగుళ్లు చిన్న వయసులోనే పాడవుతాయి.

ముక్కు లేని కుక్క, ముప్పు ఉన్న ఊరు

2003లో హచ్ సెల్‌ఫోన్ కంపెనీ ప్రకటన వచ్చింది. చిన్న పిల్లవాడి వెంట ముడతల మొహం కుక్క ఒకటి ఎక్కడికి పోతే అక్కడికి నడిచింది. ఆ తర్వాత పగ్ అసలు పేరు చాలామందికి అవసరమే రాలేదు. హచ్ కుక్క అన్నారు, కంపెనీ మారాక వొడాఫోన్ కుక్క అన్నారు. ప్రకటనలో ఎక్కడా మే నెల లేదు. మనకు ఉంది. కర్నూలు, కడప రెండూ మే నెలలో 43, 44 డిగ్రీలు మామూలుగా చూసే ఊర్లు.

కుక్కకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు, పాదాల అడుగున కాస్త తప్ప. రొప్పడమే దాని కూలర్. ముక్కు లోపల చుట్టలు చుట్టుకున్న తడి పొరల మీదుగా గాలి పోతూ వస్తూ ఉంటే ఆ తడి ఆరుతుంది, రక్తం చల్లబడుతుంది. సీమ ఎండలో ఒక మంచి గుణం ఉంది, గాలిలో తేమ తక్కువ. కోస్తాలో ఉక్కపోతకు ఆరని తడి ఇక్కడ ఇట్టే ఆరుతుంది. అందుకే వేపచెట్టు కింద నాలుక చాపి పడుకున్న మన వీధికుక్క, తాగడానికి నీళ్లు దొరికితే, రోహిణి కార్తెను కూడా దాటేస్తుంది. పొడుగు మూతి, పలచని బొచ్చు, ఎండిన ఒళ్లు. ఏ ఎంపికా చేయకుండా ఈ నేల తయారుచేసుకున్న కుక్క అది. పగ్‌కు ఆ పొడుగు మూతే లేదు. ముక్కు రంధ్రాలు సన్నని చీలికలు. లోపలి మెత్తని అంగిలి ఆ చిన్న తలలో పట్టక గాలిదారికి అడ్డం పడుతుంది. అది రొప్పేకొద్దీ ఆ రొప్పడానికి పడే శ్రమతోనే ఇంకా వేడెక్కుతుంది. ఒంటి వేడి 41 డిగ్రీలు దాటితే లోపలి అవయవాలు దెబ్బతినడం మొదలవుతుంది. నిద్రలో అది పెట్టే గురకను మనం ముద్దు అనుకుంటాం. అది ఊపిరాడక పడే యాతన.

లండన్ రాయల్ వెటర్నరీ కాలేజీ పరిశోధకులు 2022లో లెక్క తీస్తే, ఏడాదిలో ఏదో ఒక జబ్బు పడే అవకాశం పగ్‌లకు మిగతా కుక్కలకన్నా దాదాపు రెండు రెట్లని తేలింది. మూతి పొడవు పుర్రె పొడవులో కనీసం మూడోవంతు లేని కుక్కను జత కట్టించరాదని నెదర్లాండ్స్ 2019 నుంచి గట్టిగా అమలు చేస్తోంది. అక్కడి వేసవి పగలు సగటున ఇరవై రెండు డిగ్రీల చుట్టూ ఉంటుంది. ఆ చల్లని దేశమే వద్దన్నప్పుడు కడపలో పగ్ ఈతలు పెట్టించడాన్ని ఏ వాదనతో సమర్థించాలో నాకు తెలియడం లేదు. ఇప్పటికే ఇంట్లో ఉన్న పగ్‌ను ప్రేమగా చూసుకోవడం వేరు, దాని నుంచి ఇంకో ఆరింటిని పుట్టించడం వేరు. ఒకవేళ పెంపకందారు అందుకు సిద్ధపడితే, కాసేపు నడిపించాక కూడా నిశ్శబ్దంగా ఊపిరి తీసుకోగల కుక్కనే ఎంచాలి. అలాంటిది దొరకకపోతే ఆ వంశం అక్కడితో ఆగాలి.

పంచాంగం చూడాల్సిన పని

ఆడకుక్క సుమారు ఆరేడు నెలలకు ఒకసారి ఎదకొస్తుంది. చూలు సుమారు 63 రోజులు, కొన్ని రోజులు అటూ ఇటూ. లెక్క ఇంతే, కానీ ఈ లెక్కను పంచాంగం పక్కన పెట్టి చూసేవాళ్లు తక్కువ. ఉగాది పండగకు జత కట్టిస్తే పిల్లలు పుట్టేది రోహిణి కార్తెకు అటూ ఇటుగా. రోళ్లు పగిలే ఎండ అని మనమే చెప్పుకుంటాం. పుట్టిన కుక్కపిల్లకు మొదటి రెండు వారాలు ఒంటి వేడిని నిలుపుకోవడం చేతకాదు. చుట్టూ ఉన్న గాలి వేడి ఎంత ఉంటే దాని ఒళ్లూ అంత. మొదటి వారం దానికి ముప్పై డిగ్రీల దగ్గర ఉండాలి. మధ్యాహ్నం గదిలో నలభై ఉండి కరెంటు పోతే, పాలు తాగే ఓపిక కూడా లేక గంటల్లో దాని ఒంట్లో నీరు ఇంకిపోతుంది. తల్లి కూడా ఆ వేడికి పిల్లల దగ్గర పడుకోలేక లేచిపోతుంది. అదే వినాయక చవితి నాటి జత అయితే కార్తీకంలో ఈనుతుంది. అప్పుడు చలి నుంచి కాపాడాలి, అది తేలిక. గోనెపట్టా, గుడ్డలు, ఒక బల్బు చాలు. వేసవి ఎద వస్తే వదిలెయ్యడమే. ఏడాదికి ఒక్క ఈత కన్నా మించకూడదని చట్టం ఎటూ చెబుతోంది కాబట్టి, ఆ ఒక్కటీ ఏ కాలంలో కావాలో ఎంచుకునే వీలు పెంపకందారు చేతిలోనే ఉంది.

ఏ రోజున జత కట్టించాలన్నది ఇంకో చిక్కు. రక్తం కనిపించిన తొమ్మిదో రోజు, పదకొండో రోజు అని ఊళ్లో లెక్కలు చెబుతారు. కొన్నింటికి ఏడో రోజే సమయం దాటుతుంది, కొన్నింటికి పదిహేను దాకా రాదు. నమ్మదగింది రక్తంలో ప్రొజెస్టిరాన్ పరీక్ష. అది అందకపోతే యోని కణాలను గాజుపలక మీద రాసి సూక్ష్మదర్శినిలో చూసే పరీక్షను పశువైద్యులు చేస్తారు. ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాలే ఉంది కనుక సీమవాళ్లకు ఇది అందని మాటేమీ కాదు. రోజు సరిగ్గా తెలిస్తే ఈనే రోజు సరిగ్గా తెలుస్తుంది. ఇరుకు కటి ఉన్న చిన్న కుక్కకు అదే ప్రాణం మీది విషయం.

మేనరికం లెక్క

ఒకే ఈతలో పుట్టిన అన్నాచెల్లెళ్లను పెంచుకుని వాటినే జత కట్టించే ఇళ్లు ఉన్నాయి. "మనింట్లోవే కదా" అంటారు. తోబుట్టువుల జతలో పుట్టే పిల్లకు ఒకే జన్యువు రెండు వైపుల నుంచీ ఒకేలా వచ్చే అవకాశం నూటికి 25. తండ్రీకూతుళ్ల జతలోనూ అంతే. మేనమామ, మేనకోడలి వరసలో 12.5. ఈ చివరి అంకెను సీమలో డాక్టర్లు మనుషులకే చెప్పీ చెప్పీ అలసిపోయారు, కుక్కల దగ్గర ఆపితే మాత్రం ఏం. 2017లో కేంద్రం తెచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనలు ఇలాంటి దగ్గరి చుట్టరికపు జతలను నిషేధించాయి.

చిన్నజాతుల్లో తరతరాలుగా దాక్కుని వచ్చే లోపాలు కొన్ని చేత్తోనే తెలుస్తాయి. వెనక కాలి మోకాటి చిప్ప పక్కకు జారడం వాటిలో మొదటిది. నడుస్తూ నడుస్తూ ఒక కాలు ఎత్తి రెండడుగులు గెంతి మళ్లీ మామూలుగా నడిస్తే పిల్లలు నవ్వుతారు. పశువైద్యుడు మోకాలు పట్టుకుని చూసి ఒకటి నుంచి నాలుగు వరకు ఏ స్థాయో చెబుతాడు. జారే చిప్ప ఉన్నదాన్ని జతకు వాడకూడదు, అది ఎంత తెల్లగా ఉన్నా సరే. మెడపట్టీ లాగగానే బాతులా దగ్గే పమేరియన్‌కు శ్వాసనాళం మెత్తబడి ఉంటుంది. పొట్టికాళ్ల డాక్స్‌హుండ్‌కు ఆ పొట్టికాళ్లు ఇచ్చిన మార్పే వెన్నుపూసల మధ్య దిండ్లను త్వరగా గట్టిపరుస్తుంది. నాలుగేళ్ల వయసులో సోఫా మీంచి దూకి వెనక కాళ్లు పడిపోయిన డాక్స్‌హుండ్ కథ పశువైద్యులకు కొత్త కాదు. ఇంకొన్ని పైకి కనిపించవు. మెల్లగా చూపు పోగొట్టే రెటీనా జబ్బు అలాంటిది. లోపమున్న జన్యువు ఒక్కటే మోసే కుక్క జీవితమంతా బాగానే చూస్తుంది. అలాంటివి రెండు కలిస్తే ప్రతి నాలుగు పిల్లల్లో ఒకటి గుడ్డిదయ్యే అవకాశం ఉంది. రక్తం చుక్కతో డీఎన్‌ఏ పరీక్ష చేసి చెబుతారు. మోసే కుక్కను పక్కన పడెయ్యనక్కర్లేదు, లోపం లేనిదానితో జత కడితే సరిపోతుంది. ఇక్కడే తెలివి ఉన్న పెంపకందారు, కంగారుపడే పెంపకందారు వేరవుతారు.

చాలామంది చూపించేది చెన్నై కేంద్రంగా ఉన్న కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా కాగితాలు. వంశం నిజమా కాదా అన్నదానికి అవి పనికొస్తాయి. మోకాలు బాగుందా, కన్ను బాగుందా అన్నది ఆ కాగితం మీద ఉండదు. ఇక 'టీకప్' అని చెప్పి అమ్మేదాని సంగతి. ఆ పేరుతో జాతి లేదు. ఈతలో అన్నిటికన్నా చిన్నగా, బలహీనంగా పుట్టినవాటిని ఒకదానితో ఒకటి జత కట్టించి తెచ్చిన సైజు అది. పుర్రె పైభాగం పూర్తిగా మూసుకోని పిల్లలు, రెండు పూటలు తిండి ఆలస్యమైతే చక్కెర పడిపోయి వణికిపోయే పిల్లలు వాటిలో ఎక్కువ.

అరవై మూడో రాత్రి

కుక్క ఈనడం దానికదే జరిగిపోతుందని వీధికుక్కలను చూసి అనుకుంటాం. చిన్నజాతికి అది చెల్లదు. చిన్న కుక్క కడుపులో ఒక్కటే పిల్ల ఉంటే అది లావెక్కి కూర్చుంటుంది. తల పెద్దదైన జాతుల్లో అదే ఇరుక్కుంటుంది. అందుకే 55 రోజులు దాటాక ఒక ఎక్స్‌రే తీయించి ఎన్ని ఉన్నాయో లెక్క తెలుసుకోవాలి. లెక్క తెలియనివాడికి నాలుగో పిల్ల లోపలే ఉండిపోయిందని తెలియదు.

చివరి వారంలో పూటపూటకూ థర్మామీటరు పెట్టి రాసుకోవాలి. ఒంటి వేడి 99 డిగ్రీల ఫారెన్‌హీట్ కిందికి దిగితే దాదాపు ఒక రోజులో పురుడు. అరగంట పాటు గట్టిగా ముక్కుతున్నా పిల్ల రాకపోతే, ఒక పిల్లకూ ఇంకో పిల్లకూ మధ్య రెండు గంటలు దాటితే, మొదటి పిల్ల రాకముందే ఆకుపచ్చ ద్రవం కనిపిస్తే ఇంక ఇంట్లో కూర్చోకూడదు. ఇలాంటప్పుడు పశువులకు వాడే ఆక్సిటోసిన్ సూదిని ఎవరో తెచ్చి పొడిచేస్తారు. దారి మూసుకుపోయి ఉండగా ఆ సూది వేస్తే గర్భసంచి చిరిగే ప్రమాదం ఉంది. రాత్రి రెండు గంటలకు సిజేరియన్ చేసే డాక్టరు ఊళ్లో ఎవరో ముందే కనుక్కుని ఉండాలి. ఎవరూ లేరని తెలిస్తే కర్నూలు నుంచి హైదరాబాద్ రెండు వందల కిలోమీటర్ల పైన, కడప నుంచి తిరుపతి నూట నలభై. ఆ దూరం పోవడానికి బండీ డబ్బూ సిద్ధంగా లేకపోతే జత కట్టించే మాటే ఎత్తకూడదు.

కాల్షియం విషయంలో మనవాళ్ల ప్రేమే తల్లికి ముప్పు తెస్తుంది. కడుపుతో ఉందని సీసాలకు సీసాలు కాల్షియం తాగిస్తారు. బయటి నుంచి ధారాళంగా వస్తుంటే ఎముకల్లోంచి తీసుకునే పని ఒళ్లు మానేస్తుంది. ఈనిన రెండు మూడు వారాలకు, నాలుగైదు పిల్లలు పాలు పీకుతున్నప్పుడు, అకస్మాత్తుగా రక్తంలో కాల్షియం పడిపోతుంది. కాళ్లు బిగుసుకుంటాయి, వణుకుతుంది, జ్వరం వచ్చినట్టు ఒళ్లు కాలుతుంది. ఎక్కువగా చిన్నజాతి తల్లులకే వచ్చే ఈ జబ్బులో గంటలు కూడా విలువైనవే. నరానికి మెల్లగా, గుండె చప్పుడు వింటూ ఎక్కించాల్సిన మందు అది. చూలు సమయంలో మంచి తిండి, ఈనాక డాక్టరు చెబితే కాల్షియం. వరస అదీ.

పిల్లలను రోజూ తూకం వెయ్యాలి, వంటింటి కాటా సరిపోతుంది. పది రోజులకు పుట్టిన బరువుకు రెట్టింపు కావాలి. ఒక్కరోజు బరువు పెరగకపోయినా ఏదో తేడా ఉన్నట్టు. మొదటి రోజు జున్నుపాలు, రెండు వారాలకు నులిపురుగుల మందు, ఆరేడు వారాల నుంచి పార్వో, డిస్టెంపర్ టీకాలు, మూడు నెలలకు రేబిస్ టీకా. మా సీమకు ఇంకోటి చేర్చాలి, గోమార్లు. మందు కొట్టని షెడ్డులో గోమార్ల జ్వరం పిల్లలనూ తల్లినీ కలిపి తీసుకుపోతుంది.

తిండితో సమానమైనది ఇంకొకటి ఉంది, దానికి బిల్లు ఉండదు. మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా కుక్కపిల్ల చూసిందే లోకం. అమెరికాలోని బార్ హార్బర్‌లో స్కాట్, ఫుల్లర్ అనే శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి చేసిన పని 1965లో పుస్తకమై ఈ సంగతిని అందరికీ తెలిపింది. ఆ వారాల్లో పిల్లలు, ముసలివాళ్లు, కుక్కర్ విజిల్, ఆటో హారన్, దీపావళి కాకపోయినా ఏదో ఒక టపాసు, అన్నీ మెల్లగా పరిచయం కావాలి. చీకటి గదిలో బోనులో పెరిగిన బొచ్చుకుక్క పెద్దయ్యాక ఇంటికొచ్చిన ప్రతివాడి పిక్కా పట్టుకుంటుంది. చిన్నది కరిస్తే ఏముందిలే అని నవ్వుకుంటారు. రేబిస్‌కు చిన్నా పెద్దా లేదు.

కాగితం, ఆ తర్వాత

2017 నిబంధనల ప్రకారం అమ్మడానికి పిల్లలు పెట్టించేవాళ్లు ఎవరైనా రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర నమోదు కావాలి, ఆ సర్టిఫికెట్ కనిపించేలా పెట్టాలి. ఆడకుక్కకు 18 నెలలు నిండాలి, ఎనిమిదేళ్లు దాటకూడదు, జీవితంలో ఐదు ఈతలకు మించకూడదు. ఎనిమిది వారాల లోపు పిల్లను అమ్మకూడదు. నెలన్నర పిల్లను "బాగా తింటోంది తీసుకుపోండి" అని చేతిలో పెట్టేవాడు చట్టాన్నీ తప్పాడు, పిల్ల తల్లి దగ్గర కరవకుండా ఆడటం నేర్చుకునే వారాలనూ దొంగిలించాడు. ఈ నిబంధనలు ఊళ్లలో ఎంత అమలవుతున్నాయో వీధిలో నడిస్తే తెలుస్తుంది. అడిగేవాళ్లు ఉంటేనే చూపించేవాళ్లు ఉంటారు. పిల్లను కొనబోయేవాళ్లు అట్టపెట్టె దగ్గర ఆగకుండా ఇంట్లోకి వెళ్లి తల్లిని చూపించమనాలి. తండ్రి పక్క ఊళ్లో ఉండొచ్చు, తల్లి మాత్రం అక్కడే ఉండాలి. దాని నడక చూడాలి, పళ్లు చూడాలి, ఎండలో దాని ఊపిరి వినాలి.

ఆ తర్వాత ఇంకో ప్రశ్న ఉంది. ఇంతకుముందు ఈనిన ఆడకుక్కలు ఇప్పుడు ఎక్కడున్నాయి? చిన్నజాతి కుక్క పన్నెండు, పద్నాలుగేళ్లు బతుకుతుంది. ఎనిమిదో ఏట ఈతలు ఆపేశాక కూడా నాలుగు నుంచి ఆరేళ్లు దానికి తిండి పెట్టాలి, గర్భసంచి ఆపరేషన్ చేయించాలి, ఊడిపోతున్న పళ్లు చూపించాలి. ఆ ఏళ్లలో అది ఒక్క రూపాయి తేదు. జాతరల చుట్టుపక్కల, హైవే ఢాబాల దగ్గర చిక్కులు కట్టిన తెల్లబొచ్చుతో తిరిగే ముసలి స్పిట్జ్‌లు ఎక్కడి నుంచి వస్తున్నాయో ఈ లెక్కే చెబుతుంది. బాధ్యత గల పెంపకందారు ఇంట్లో ఆ ముసలిది వరండాలో కూలరు ముందు పడుకుని ఉంటుంది, కొనడానికి వచ్చినవాళ్లను చూసి ఒకసారి మొరుగుతుంది.